కోపీ-సీ, కాయా టోస్టు, రెండు గుడ్లు

ఉదయం ఆరున్నరకే ఆ కొట్టులో సగం బల్లలు నిండిపోయేవి. సింగపూర్‌లో బూన్ కెంగ్ మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో, ప్రభుత్వం కట్టించిన బహుళ అంతస్తుల ఇళ్ల మధ్య, ఒక భవనం కింద ఉండేది ఆ కోపీటియామ్, అంటే కాఫీ కొట్టు. రెండు వైపులా గోడలే లేవు. పైన గిరగిరా తిరిగే ఫ్యాన్లు, పాలరాతి పలకల గుండ్రటి బల్లలు, రాత్రి కొట్టు కట్టేటప్పుడు దొంతరలుగా పేర్చే ప్లాస్టిక్ కుర్చీలు. 2004లో ఉద్యోగానికి వెళ్లినప్పుడు అదే భవనంలో ఏడో అంతస్తులో నాకొక గది అద్దెకు దొరికింది. పొద్దున్నే వంటగది వాడుకునే వీలుండేది కాదు. అందుకే కిందికి దిగి తినడం మొదలుపెట్టాను. ఆ అలవాటు నేను ఆ దేశంలో ఉన్నన్నాళ్లూ పోలేదు.

పరాయి దేశంలో నిన్ను కలుపుకున్నది ఎవరని అడిగితే చాలామంది ఆఫీసు స్నేహితుల పేర్లో, తెలుగు సంఘం పేరో చెబుతారు. నాకూ ఆ ఆసరా ఉంది. 1975లో మొదలైన సింగపూర్ తెలుగు సమాజం వాళ్ల ఉగాది పచ్చడి నేనూ తిన్నాను, సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడిలో నేనూ తీర్థం పుచ్చుకున్నాను. అయినా ఈ ఊళ్లో నాకూ ఒక చోటుందని మొట్టమొదట నమ్మకం కలిగింది మాత్రం ఆ కాఫీ కొట్టులోనే. ఎలా కలిగిందో చెప్పాలంటే ముందు అక్కడి కాఫీ సంగతి చెప్పాలి.

అక్కడ ‘కోపీ’ అని మాత్రం అంటే డబ్బాలో వచ్చే తియ్యటి చిక్కటి పాలు కలిపి ఇస్తారు. కోపీ-ఓ అంటే పాలు లేకుండా చక్కెర వేసిన నల్ల కాఫీ. కోపీ-సీ అంటే తీపి లేని డబ్బాపాలు పోసి, చక్కెర విడిగా వేసినది. చక్కెర అసలు వద్దంటే కొసోంగ్, తగ్గించమంటే సియు దాయ్. చిక్కగా కావాలంటే గావ్, పల్చగా కావాలంటే పో, ఐసు ముక్కలతో కావాలంటే పెంగ్. వీటిని కలుపుకుంటూ పోతే ఎవరి నాలుకకు తగిన కాఫీ వాళ్లకు వస్తుంది. ఈ పాఠమంతా నాకు చెప్పింది పక్క స్టాలులో పరోటాలు వేసే తమిళ అన్న. పిండి ముద్దను గాల్లోకి విసిరి పల్చగా సాగదీస్తూనే, “తంబీ, నీకు కోపీ-సీ సియు దాయ్ సరిపోతుంది, అది అడుగు” అన్నాడు. అడిగాను. అదే నా కాఫీ అయింది.

ఈ కొట్ల ఏర్పాటు కూడా బాగుంటుంది. కొట్టు యజమాని పానీయాల స్టాలును తన చేతిలో ఉంచుకుంటాడు. మిగతా స్టాళ్లు అద్దెకిస్తాడు. ఒకరు సేమ్యా వేయిస్తారు, ఒకరు చికెన్ రైస్ పెడతారు, ఒకరు పరోటాలు వేస్తారు. ఎక్కడ ఏది కొనుక్కున్నా ఏ బల్ల దగ్గరైనా కూర్చోవచ్చు. ఎవరూ లేవమనరు. బల్ల మీద చిన్న కాగితపు రుమాళ్ల పొట్లం కనిపిస్తే మాత్రం ఆ చోటు ఎవరో పట్టుకున్నారని అర్థం. ఫోను పెట్టినా అంత గౌరవం ఉండదేమో గానీ, ఆ పొట్లాన్ని మాత్రం ఎవరూ కదిలించరు.

మా కొట్టులో కాఫీ కాచే పెద్దాయనను అందరూ అంకుల్ అనేవారు. అప్పటికే అరవై దాటిన మనిషి. తెల్ల బనీను, నిక్కరు, మెడలో తువ్వాలు. ఆయన పని చూడటానికే నేను స్టాలు ముందు కాసేపు నిలబడేవాణ్ణి. అక్కడి కాఫీ గింజలు ఎక్కువగా రొబస్టా రకం. వేయించేటప్పుడే చక్కెర, మార్గరిన్ వేస్తారు. చక్కెర కరిగి మాడి గింజకు పట్టుకుని నల్లగా నిగనిగలాడుతుంది. ఆ పొడిని పొడుగు పిడి ఉన్న గుడ్డ సంచిలో పోసి, మరిగే నీళ్లు వంపి, పొడవాటి మూతి ఉన్న పాత్రలోకి దించుతారు. అంకుల్ ఆ డికాషన్‌ను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తుగా పోసి, మళ్లీ అదే సంచి గుండా వంచేవారు. మందపాటి పింగాణీ కప్పును మరిగే నీళ్లలో ముంచి, చుట్టూ తిప్పి, నీళ్లు పారబోసేవారు. కప్పు చల్లగా ఉంటే కాఫీ చచ్చిపోతుందని ఆయన నమ్మకం. అడుగున చెంచాడు చక్కెర, దాని మీద పాలు, పైన ముప్పాతిక డికాషన్, ఆపైన వేడినీళ్లు. చెంచాతో మూడుసార్లు టకటకా తిప్పి, సాసరుతో సహా బల్ల మీదికి జరిపేవారు. ఎన్ని ఆర్డర్లు వచ్చిపడినా ఆ వరస తప్పేది కాదు. ఒక కాగితం లేదు, రాసుకోవడం లేదు. బల్లల మధ్య తిరుగుతూ ఆర్డర్లు తీసుకునే ఆంటీ అక్కణ్ణుంచే హొక్కియన్ అనే చైనా మాండలికంలో కేకేసేది, ఈయన తల కూడా ఎత్తకుండా వరసగా పోసేవారు.

కొన్ని వారాలకు నేను మెట్లు దిగి కనిపించగానే నా కప్పు కడగడం మొదలయ్యేది. నేను నోరు తెరిచే అవసరం లేదు. ఒకసారి జలుబు చేసి గొంతు పోయినప్పుడు, కాఫీ బదులు అల్లం టీ పెట్టి ఇచ్చారు. నేను అడగలేదు. రెండుసార్లు తుమ్మడం ఆయన చూశారు, అంతే.

ఉదయం బృందం గురించి రాయకపోతే ఈ కథలో ఏమీ చెప్పనట్టే. ఒక రిటైరైన టాక్సీ డ్రైవరు, ఇద్దరు ముసలి మిత్రులు, రాత్రి డ్యూటీ దిగి పరోటా స్టాలులో టీ తాగే మలయ్ సెక్యూరిటీ గార్డు, మనవణ్ణి బడిలో దింపి వచ్చే ఒక అమ్మమ్మ. వాళ్ల మధ్య ఒక చైనా భాషా పత్రిక, ఒక స్ట్రెయిట్స్ టైమ్స్ చేతులు మారుతూ ఉండేవి. పరోటా అన్న దగ్గర తమిళ్ మురసు ఉండేది. నేను వెళ్లిన ఏడాది ఆగస్టులో లీ సియన్ లూంగ్ ప్రధాని అయ్యారు. ఆ వారమంతా వాళ్ల చర్చలు వింటూ ఆ దేశం గురించి నేను నేర్చుకున్నది ఏ పుస్తకమూ నేర్పలేదు. బుధ, శని, ఆదివారాల్లో మాత్రం రాజకీయం వెనక్కి పోయి, నాలుగంకెల లాటరీ ముందుకొచ్చేది. రోడ్డు మీద గుద్దుకున్న కారు నంబరు, కలలో కనిపించిన ఇంటి నంబరు, కొత్తగా పుట్టిన మనవరాలి బరువు, అన్నీ పందేనికి పనికొచ్చేవే. మా గది తలుపు నంబరు కూడా ఒకసారి అడిగి రాసుకున్నారు.

సగం ఉడికిన గుడ్లు తినడం నాకు నేర్పింది ఆ టాక్సీ డ్రైవరే. గుడ్లను పొయ్యి మీద ఉడికించరు. లోహపు మగ్గులో వేసి, మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి ఆరేడు నిమిషాలు వదిలేస్తారు. తెల్లసొన అప్పుడే వణుకుతూ గట్టిపడబోతుంటుంది, పచ్చసొన ద్రవంగానే ఉంటుంది. వాటిని సాసరులోకి పగలగొట్టుకోవాలి. మనవాళ్లు చాలామంది ఆ దశలోనే మొహం తిప్పుకుంటారు, వాళ్లను తప్పుపట్టలేను. ఆయన నా సాసరు లాక్కుని, నల్లటి చిక్కని సోయా సాస్ నాలుగు చుక్కలు చుట్టూ వేసి, తెల్ల మిరియాల పొడి ధారాళంగా చల్లి, చెంచా వెనక్కి తిప్పి పచ్చసొనను చిదిపి రెండుసార్లు కలిపారు. పసుపులోకి నలుపు తీగలు తీగలుగా పాకింది. అందులో టోస్టు అంచు ముంచి తినమన్నారు. కాయా తీపి, వెన్న ఉప్పు, మిరియాల ఘాటు, గుడ్డు వెచ్చదనం, అన్నీ ఒకే ముద్దలో. చివరికి సాసరు ఎత్తి మిగిలింది తాగేశాను. ఆయన తృప్తిగా తలాడించి తన పేపరులోకి వెళ్లిపోయారు.

కాయా అంటే కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెర కలిపి, పాండన్ ఆకులు వేసి, సన్న సెగ మీద గంటలకొద్దీ తిప్పుతూ చేసే తియ్యటి ముద్ద. హైనానీయుల పద్ధతిలో చక్కెరను పాకం మాడ్చి వేస్తారు కాబట్టి గోధుమరంగులో ఉంటుంది. చైనా, మలయ్ సంప్రదాయాలు కలిసిన పెరనాకన్ ఇళ్లలో చేసేది ఆకుపచ్చగా ఉంటుంది. పల్చగా కోసిన రొట్టెను బొగ్గుల మీద కాల్చి, మాడిన చోట రేకుతో గీకి, కాయా పూసి, మధ్యలో చల్లటి వెన్న పలక పెడతారు. వెన్న కరగకముందే తినాలి. మా కొట్టులో బొగ్గుల కుంపటి తర్వాత పోయి కరెంటు పొయ్యి వచ్చింది. రుచి తగ్గింది. ఆ మాట ఎవరూ అంకుల్ ఎదుట అనలేదు.

ఈ ఫలహారం అంతా హైనాన్ ద్వీపం నుంచి వచ్చినవాళ్ల చేతి చలువ. చైనా నుంచి వలస వచ్చిన మిగతా వర్గాలతో పోలిస్తే వాళ్లు ఆలస్యంగా వచ్చారు. అప్పటికే వ్యాపారాలూ రేవు పనులూ హొక్కియన్, తియోచ్యూ, కాంటనీస్ వాళ్ల చేతుల్లో ఉన్నాయి. వీళ్లు బ్రిటిషువాళ్ల ఇళ్లలో, హోటళ్లలో, ఓడల్లో వంటవాళ్లుగా చేరారు. రొట్టె, వెన్న, గుడ్లు, కాఫీ అక్కడ చేతికొచ్చిన విద్య. తర్వాత సొంత కొట్లు పెట్టుకున్నప్పుడు ఆ దొరల అల్పాహారాన్నే కొబ్బరిపాలతో, సోయా సాస్‌తో తమ నోటికి తగ్గట్టు మార్చుకుని, కూలీలకూ గుమాస్తాలకూ అందుబాటు ధరకు అమ్మారు. టాక్సీ డ్రైవరు వాళ్ల నాన్న అలాంటి ఓడలో వంటవాడట. “ఓడలో దొర తిన్నదే, నేల మీద నేను తింటున్నాను” అని ఆయన ఎంతో గర్వంగా చెప్పుకునేవారు.

ఆ చరిత్ర విన్నాక శనివారాల్లో పాత కొట్లు వెతుక్కుంటూ తిరిగాను. కిల్లినీ రోడ్డులో 67వ నంబరు దుకాణం 1919 నాటిది. ఇప్పుడు కిల్లినీ కోపీటియామ్ పేరుతో చాలాచోట్ల శాఖలున్నాయి గానీ, మొదటిచోట కూర్చుని తాగడం వేరు. యా కున్ అనే కాయా టోస్టు దుకాణాల సంస్థ వ్యవస్థాపకుడు లోయ్ ఆ కూన్ 1926లో హైనాన్ నుంచి కుర్రవాడిగా వచ్చి, కాఫీ స్టాలులో పనివాడిగా మొదలై, తర్వాత తెలోక్ ఆయెర్ ప్రాంతంలో సొంతంగా నిలదొక్కుకున్నారు. ఆ సంస్థ తన పుట్టుకను 1944గా చెప్పుకుంటుంది. కటోంగ్‌లోని ఈస్ట్ కోస్ట్ రోడ్డులో చిన్ మీ చిన్ అనే బేకరీ ఉంది. అక్కడ రొట్టె ముక్కలకు బదులు గుండ్రటి బన్నులు కాల్చి కాయా పూస్తారు. గచ్చు మీద పాత మొజాయిక్ పలకలు, పాలరాతి బల్లలు. నార్త్ బ్రిడ్జ్ రోడ్డు దగ్గర హీప్ సెంగ్ లియోంగ్‌లో కాఫీ మీద వెన్న ముక్క వేసి ఇస్తారు. అది కరిగి బంగారు రంగు నూనెలా తేలుతుంది. నాకు నచ్చిందనలేను, కానీ ఆ ముక్క కరుగుతుంటే చూడటం నచ్చింది. ఇన్నీ తిరిగి సోమవారం పొద్దున మా అంకుల్ కాఫీ తాగితే, నాలుక మళ్లీ దారికొచ్చేది.

2009లో అమ్మా నాన్నా వచ్చారు. నాన్నగారు తెనాలిలో బడిపంతులుగా రిటైరయ్యారు. ఆయనకు కాఫీ అంటే పట్టింపు. మొదటి గుక్కకే కనుబొమలు ముడిపడ్డాయి.

“ఒరేయ్, ఇందులో చికోరీ ఏమైనా కలిపారా?”

“లేదు నాన్నగారూ, గింజల్నే చక్కెర వేసి మాడుస్తారు.”

“అందుకా ఈ చేదు! బాగుందిరా,” అన్నారు. నాన్నగారి నోట కాఫీకి ‘బాగుంది’ అన్న మాట రావడం మా ఇంట్లో అరుదు.

ఆ తర్వాత ఆయన, ఇంట్లో చేసినట్టే, కాఫీని సాసరులోకి వొంపుకుని రెండు చేతులతో ఎత్తి జుర్రారు. నేను చుట్టూ చూశాను. ఎదురు బల్ల దగ్గర ఆ ముసలి మిత్రుల్లో ఒకాయన సరిగ్గా అదే చేస్తున్నారు. అక్కడి పాతతరం వాళ్లందరూ కాఫీని అలాగే చల్లార్చుకుని తాగేవారు. కుర్రవాళ్లు ఎప్పుడో మానేశారు. ఇద్దరూ ఒకరినొకరు గమనించుకున్నారు. ఆయన తన సాసరును కాస్త పైకెత్తి చూపించారు. నాన్నగారూ ఎత్తారు. మర్నాటి నుంచి నాన్నగారు నాకోసం ఆగకుండా ముందే కిందికి దిగి ఆయన బల్ల దగ్గరే కూర్చునేవారు. ఒకరికి హొక్కియన్ తప్ప రాదు, ఇంకొకరికి తెలుగు, పుస్తకాల ఇంగ్లీషు. ఏం మాట్లాడుకుంటున్నారని అడిగితే, “ఆయనకు మోకాళ్ల నొప్పులురా. నాకూ అంతే కదా” అన్నారు నాన్నగారు. ఆ సంగతి ఎలా తెలిసిందో నేను అడగలేదు, మోకాలు పట్టుకుని చూపిస్తే ఏ భాషవాడికైనా తెలుస్తుంది. అంకుల్ ఇదంతా చూస్తూనే ఉన్నారు. మూడోనాడు నాన్నగారి కప్పును అంచు దాటేదాకా నింపి, సాసరులోకి పొర్లేలా తెచ్చి పెట్టారు. మీ నాన్నకు ఇలాగే కదా ఇష్టం అని నాతో వచ్చీరాని ఇంగ్లీషులో అన్నారు.

అమ్మ గుడ్డు ముట్టదు. కాయాలో గుడ్లుంటాయని చెప్పగానే వెనక్కి తగ్గింది గానీ, వాసన మాత్రం చూసి, “ఇది బాస్మతి బియ్యం వాసన రా” అంది. సరిగ్గా పట్టింది. పాండన్‌కూ బాస్మతికీ ఆ పరిమళం ఇచ్చే పదార్థం ఒకటే. పాండన్ మన మొగలి జాతి మొక్కే అని చెబితే ఇంకా సంతోషించింది. ఆమె కోసం ఆర్డర్లు తీసుకునే ఆంటీ రొట్టెకు వెన్న మాత్రం రాసి పైన చక్కెర చల్లి తెచ్చేది. ఆ రొట్టె అక్కడి పిల్లలకు ఇష్టమైన పాత తిండి. అమ్మ ఉన్న నెలంతా తిన్నది అదే.

వాళ్లు తిరిగి వచ్చేశాక ఆ ముసలాయన నన్ను చూసినప్పుడల్లా మోకాలు తట్టి చూపించి, కనుబొమలెగరేసేవారు. నాన్నగారి మోకాళ్లు ఎలా ఉన్నాయని అడగడం అన్నమాట. ప్రతి ఆదివారం ఫోనులో ఆ క్షేమసమాచారం అటూ ఇటూ చేరవేశాను. 2013లో నాన్నగారు పోయినప్పుడు నేను ఊరికి వచ్చి కర్మలు ముగించుకుని వెళ్లాను. కొట్టులోకి గుండుతో అడుగుపెట్టగానే ఆయనకు విషయం అర్థమైపోయింది. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. అంకుల్ ఆ రోజు డబ్బు తీసుకోలేదు.

2020 ఏప్రిల్ 7 నుంచి కొట్లలో కూర్చుని తినడం నిషేధించారు. కుర్చీలు పేర్చి తాళ్లతో కట్టేశారు, బల్లలకు ఎరుపు తెలుపు టేపు చుట్టారు. కాఫీ పార్సెల్ మాత్రమే. అక్కడి పార్సెల్ అంటే ప్లాస్టిక్ సంచిలో వేడి కాఫీ పోసి, మూతికి తాడు బిగించి, వేలికి తగిలించుకునేలా ఇవ్వడం. ముసలివాళ్లు ఒక్కొక్కరే మాస్కులతో వచ్చి, సంచి తీసుకుని, కాసేపు దూరదూరంగా నిలబడి వెళ్లిపోయేవారు. ఇళ్లలో ఒంటరిగా ఉండేవాళ్లకు ఆ రెండు నిమిషాలు ఎంత అవసరమో అప్పుడు చూశాను. మాస్కు వెనక నా ముఖం సగం కనిపించకపోయినా నా సంచిలో కోపీ-సీ సియు దాయే వచ్చేది. జూన్ 19న మళ్లీ కూర్చోనిచ్చారు. మొదటిరోజు పొద్దున్న బల్లలన్నీ నిండాయి. రోజూ వచ్చేవాళ్లలో రావలసిన ఒకాయన రాలేదు. నాన్నగారి స్నేహితుడు ఆయన. కూతురింటికి వెళ్లిపోయారని, మెట్లు దిగలేకపోతున్నారని ఆంటీ చెప్పింది.

ఆ ఏడాది డిసెంబరులోనే సింగపూర్ హాకర్ సంస్కృతిని, అంటే ఇలాంటి చిన్న తిండి స్టాళ్ల సంప్రదాయాన్ని, యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. కొట్టులో టీవీలో ఆ వార్త వచ్చినప్పుడు అంకుల్ కప్పులు కడుగుతున్నారు. టాక్సీ డ్రైవరు చప్పట్లు కొట్టి ఆయన వైపు చూపించారు. ఆయన చెయ్యి ఊపి, కెటిల్ అందుకున్నారు. ఏడాది తిరగ్గానే పని మానుకున్నారు. పిల్లలు వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. కొట్టు చేతులు మారింది. కొత్తవాళ్లు నేల, బల్లలు అన్నీ మార్చారు, ఆర్డరు ఇవ్వడానికి టచ్ స్క్రీన్లు పెట్టారు. కాఫీ పర్వాలేదు. ఆ మరుసటి ఏడాది నేను హైదరాబాద్ వచ్చేశాను.

ఇక్కడి నుంచి సింగపూర్ వెళ్లే మిత్రులు ఎక్కడ తినాలని అడుగుతుంటారు. ఎత్తైన హోటళ్లు, మెరిసే మాల్స్ వాళ్లకు ఎలాగూ తెలుసు. నేను చెప్పేది ఒకటే: చిన్ మీ చిన్ 2018 చివర్లో మూతపడి 2021లో మళ్లీ తెరుచుకుంది, అక్కడికి వెళ్లండి, లేదా కిల్లినీ రోడ్డు పాత దుకాణానికి వెళ్లండి. అవి కుదరకపోతే మీరు దిగిన చోట దగ్గర్లోని ఏ ఇళ్ల సముదాయం కిందనైనా కొట్టు వెతకండి. ఎనిమిదికి ముందే వెళ్లండి, చిల్లర దగ్గర పెట్టుకోండి. శాకాహారులైతే వెన్న చక్కెర రొట్టె అడగండి, గుడ్డు తినేవాళ్లయితే సోయా సాస్‌తో మొదలుపెట్టి మిరియాలు తర్వాత వేసుకోండి. తిన్న పళ్లేలు మీరే తీసుకెళ్లి అరలో పెట్టాలి, ఇప్పుడది అక్కడ చట్టం. పెద్దవాళ్లు కూర్చున్న బల్ల దగ్గర ఖాళీ కుర్చీ ఉంటే, అడిగి అక్కడే కూర్చోండి.